గింజకూ లాట్ నంబరు ఉండాలె

మిరుగు కార్తె దగ్గరికొచ్చిందంటే సోలాపూర్ పూర్వ భాగంలో ఏ ఇంట్ల చూసినా అటక మీది డబ్బాలు కిందికి దిగుతయి. బిస్కెట్ డబ్బా, పాలపొడి డబ్బా, మూత బిగుసుకున్న ఊరగాయ సీసా. లోపల పాత చీర గుడ్డలో కట్టిన మూటలు, పేపరు పొట్లాలు. బీర, సొర, కాకర, చిక్కుడు, పుంటికూర. భివండీల రేకుల ఇండ్ల ముందర గానీ, ముంబయి చాళ్ల గ్యాలరీల పెయింటు డబ్బాల్లో గానీ మనవాళ్లు పెట్టేవి కూడా ఇవే. జాగా జానెడే, గింజలు మాత్రం పది పదిహేను రకాలు. వాటికి ఒక లెక్క ఉండాలె, ఆ లెక్క ఇప్పుడు ఫోన్లోనో, పిల్లల కంప్యూటర్లోనో పెట్టుకోవచ్చు. పైస ఖర్చు లేదు. ఎట్లా పెట్టాలో ఈ నెల చెప్పుకుందాం.

గింజ ఉంటది, పేరు పోతది

మా గల్లీల ఒక పెద్దమ్మ ఉండేది. పెండ్లై వచ్చిననాడు కరీంనగర్ వైపు నుంచి కొంగున కట్టుకొచ్చిన చిక్కుడు ఆమె దగ్గర ఉందని అందరికీ తెలుసు. ఆమె పోయినాక కోడలు డబ్బా తీస్తే 23 పొట్లాలు దొరికినయి. ఒక్కదాని మీద కూడా రాత లేదు. చిక్కుడు గింజలే మూడు తీర్లవి: నల్లవి, ఎర్రవి, తెల్లవి. ఊరి నుంచి వచ్చింది ఏది, బజారుల కొన్నది ఏది, చెప్పేవాళ్లు లేరు. అన్నీ పెట్టి చూశారు. కొన్ని మొలవనే లేదు. మొలిచిన వాటిల్ల ఆమె చిక్కుడు ఉందో లేదో ఈ రోజుకీ ఎవరికీ తెలవదు.

ఆ పెద్దమ్మకు అన్నీ నోటికి వచ్చు. మూట పట్టుకుంటేనే ఏ గింజో, ఏ ఏటిదో చెప్పేది. ఆ ఎరుక ఆమెతోనే పోయింది. మన ఇండ్లల్ల ఇట్లా ఎన్ని డబ్బాలు ఉన్నయో ఒకసారి ఆలోచించండి.

మిల్లుల నేర్చిన పాఠమే

మిల్లుల పని చేసినోళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నూలు లోపలికి వచ్చిందంటే దానికి లాట్ నంబరు. బీమ్ ఎక్కిందంటే దాని మీద చిట్టీ: నూలు కౌంటు ఎంత, పోగులెన్ని, ఏ లాటు. చూపుకు నూలంతా ఒక్క తీరే. రెండు లాట్లు ఒక్క తాన్‌లో కలిస్తే మగ్గం మీద కనబడదు, రంగు అద్దినాక పట్టీలు తేల్తయి. గింజలూ అంతే. నిరుటి బీర, మూడేండ్ల కిందటి బీర చేతిలో పోసుకుంటే తేడా తెలవదు. పాదు పెట్టి పదిహేను రోజులు చూసినాక తెలుస్తది. అప్పటికి అదును దాటిపోతది.

అందుకే మొదటి పని కంప్యూటర్ కాదు, నంబరు. ఒక్క చెట్టు రకం, ఒక్క కోత, ఒక్క నంబరు. 2025లో ఆరబెట్టిన ఏడో పొట్లమైతే 25-07. ఆ నంబరు పెన్సిల్‌తో కాగితం మీద రాసి పొట్లం లోపల వెయ్యాలె. పెన్సిల్ రాత చెమ్మకు కరగదు, బాల్‌పెన్ను సిరా పాకుతది. పొట్లం మీద కూడా అదే నంబరు వెయ్యండి. పై రాత చెరిగినా లోపలిది ఉంటది.

షీట్‌ల ఏమేమి రాయాలె

ఫోన్లో గూగుల్ షీట్స్ అని ఉంటది, ఊరికే వస్తది. ఇంట్ల కంప్యూటర్ ఉంటే లిబ్రె ఆఫీస్ అనేది కూడా ఊరికే దొరుకుతది. ఎక్సెల్ ఉన్నవాళ్లు అదే వాడుకోవచ్చు. మూడిట్లోనూ పద్ధతి ఒక్కటే: గళ్ల కాగితం. ఒక్క పొట్లానికి ఒక్క అడ్డ వరుస. పైన తలకట్టులో ఈ కాలమ్‌లు పెట్టుకోండి:

నంబరు. మన ఇంటి పేరు. మరాఠీ పేరు. ఎవరిచ్చిన్రు, ఏ ఊరిది. కోసిన సంవత్సరం. కోసిన నెల. ఎంత ఉంది. దేశీనా, హైబ్రీడా. తల్లి నంబరు. పరీక్షల పదిలో ఎన్ని మొలిచినయి, ఏ నెలల. ఏ డబ్బాల ఉంది. గుర్తులు.

టైపు చెయ్యడం రాకపోతే కీబోర్డు మీద మైకు బొమ్మ నొక్కి తెలుగులో చెప్పండి, అదే రాసుకుంటది. తప్పు పడితే పిల్లలు దిద్దుతరు.

వీటిల్ల కొన్నిటి గురించి రెండు మాటలు.

పేరు ఎప్పుడూ ఒక్క తీరుగనే రాయాలె. ఒకసారి బీర, ఒకసారి బీరకాయ, ఒకసారి బీరపాదు అని రాస్తే మనకు అన్నీ ఒక్కటే, కంప్యూటర్‌కు మూడు వేరు వేరు. వెతికితే అన్నీ చూపించకపోవచ్చు.

మరాఠీ పేరు ఎందుకంటే, మన పిల్లల్ల చానామంది మరాఠీ బడికి, ఇంగ్లీషు బడికి పోతున్నరు. తెలుగు మాట్లాడతరు గానీ చదవలేరు. పుంటికూర పక్కన అంబాడీ అని, బీర పక్కన దోడకా అని, సొర పక్కన దుధీ అని, గోకరకాయ పక్కన గవార్ అని ఉంటే వాళ్ల చేతికి కూడా షీట్ అక్కరకొస్తది. అట్లనే తెలుగు అక్షరం రోజూ కంట్ల పడతది.

కోసిన సంవత్సరం, నెల వేరు వేరు కాలమ్‌లల్ల రాయండి. 06-08 అని ఒక్క గడిల రాస్తే అది జూన్ ఎనిమిదో, ఆగస్టు ఆరో కంప్యూటర్ తనకు తోచినట్టు అనుకుంటది. సంవత్సరం ఒక్కటే అంకెగా ఉంటే గింజ వయసు కూడా అదే చెప్తది. పక్క గడిల సమానం గుర్తు పెట్టి, నడుస్తున్న సంవత్సరం రాసి, తీసివేత గుర్తు పెట్టి, కోసిన సంవత్సరం ఉన్న గడిని నొక్కి ఎంటర్ కొట్టాలె. ఆ గడి మూలను పట్టి కిందికి గుంజితే అన్ని వరుసలకూ లెక్క పడతది.

తల్లి నంబరు అన్నిటికంటే విలువైంది. 25-07 గింజ పెట్టి, వచ్చే ఏడు దాని కాయ నుంచి తీసిన గింజకు 26-03 అని కొత్త నంబరు ఇస్తే, తల్లి నంబరు గడిల 25-07 అని రాయాలె. పదేండ్ల తర్వాత కూడా ఒక్కొక్క మెట్టు వెనక్కి పోయి ఊరి నుంచి తెచ్చిన మొదటి గింజ దాకా చేరొచ్చు.

గుర్తులల్ల నోరారా చెప్పండి. కాయ పొడుగా పొట్టిదా, ముదిరినా పీచు పట్టదా, ఏ కూరకు బాగుంటది. దానికి తోడు పక్కన ఏముండెనో కూడా రాయండి. టమాట, చిక్కుడు తమ పుప్పొడితో తామే కాస్తయి కాబట్టి రకం చానా మటుకు నిలుస్తది. బీర, సొర, గుమ్మడి, దోస అట్లా కాదు. తేనెటీగ పక్కింటి సొర పుప్పొడి తెచ్చి మన సొరకు అంటిస్తది. కాయ మనదే, గింజల మాత్రం కలగలుపు. రకం నిలవాలంటే ఆడ మొగ్గనూ, మగ మొగ్గనూ విచ్చకముందే దారంతో కట్టి, విచ్చే వేళకు విప్పి మన చేత్తో పుప్పొడి అద్ది, ఆడ పువ్వును మళ్లీ కట్టాలె. అట్లా చేసిన కాయ గింజకు షీట్‌ల "కట్టినది" అని ఒక్క మాట చాలు.

హైబ్రీడ్ ప్యాకెట్ గింజల కాయ నుంచి గింజ పట్టినా మళ్లీ అదే తీరు కాయ రాదు. అందుకే ఆ కాలమ్.

గింజకు ఆయుష్షు ఎంత

బాగా ఎండి, చల్లగ ఉంటే ఉల్లి గింజ ఒక ఏడాది, బెండ, మిరప రెండు మూడేండ్లు, చిక్కుడు మూడేండ్లు, వంకాయ, టమాట నాలుగేండ్లు, సొర, గుమ్మడి, దోస నాలుగైదేండ్లు సుమారుగా నిలుస్తయి. మన ఇండ్లల్ల ఇంత కాలం నిలవకపోవడానికి కారణం రేకుల కప్పు. మే నెలల సోలాపూర్ ఎండ 42, 43 డిగ్రీలు దాటుతది. రేకుల కింది అటక పొయ్యి లెక్క కాగుతది. గింజల డబ్బా ఉండాల్సింది కింద, గోడ వారకు, నీడన.

విత్తన శాస్త్రంల ఒక మోటు లెక్క ఉంది. గింజల చెమ్మ ఒక వంతు తగ్గితే, అంటే నూటికి ఒకటి తగ్గితే, ఆయుష్షు రెట్టింపు. వేడి 5 డిగ్రీలు తగ్గినా రెట్టింపు. అందుకే నీడన ఆరబెట్టి, చిక్కుడు గింజను పంటితో కొరికి చూడండి. పన్ను దిగితే ఇంకా పచ్చి, టక్కున పగిలితే డబ్బాకు సిద్ధం. ఫ్రిజ్‌ల పెట్టేవాళ్లు సీసాను బయటికి తీసినాక వెంటనే మూత తియ్యొద్దు. సీసా గది వేడికి వచ్చినాక తియ్యాలె, లేకుంటే లోపల నీరు పడతది.

నాటే ముందు పది గింజలు తడి గుడ్డల చుట్టి వారం పది రోజులు చూడండి. ఏడు, ఆపైన మొలిస్తే ధైర్యంగ నాటొచ్చు. ఐదు మొలిస్తే రెట్టింపు గింజ వెయ్యాలె. మూడుకు దిగితే ఉన్నదంతా ఈ ఏడే పెట్టి కొత్త గింజ తీసుకోవాలె, ఆగితే ఆ రకమే పోతది. షీట్‌ను వయసు లెక్కన వరుస పెట్టమంటే ముసలి గింజలన్నీ పైకి వస్తయి. ఈ ఏడు ముందు ఏది పెట్టాలో అదే చూపిస్తది.

పెద్దవాళ్లు చేసేదీ ఇదే

ఢిల్లీల జాతీయ విత్తన భాండాగారం ఉంది. అక్కడ లక్షల రకాల గింజలు మైనస్ 18, 20 డిగ్రీల చలిలో దాస్తరు. ఒక్కొక్క దానికీ నంబరు, ఏ ఊరిదో, అక్కడ ఏ పేరుతో పిలుస్తరో రాసి ఉంటది. ఆ వివరాన్ని వాళ్లు గింజకు పాస్‌పోర్ట్ అంటరు.

మన మహారాష్ట్రలనే అకోలే తాలూకా కోంభాళణె ఊరి రాహీబాయి పోపెరె ఉన్నరు. బడి మొగం చూడని ఆమె దేశీ గింజల బ్యాంకు నడిపి 2020 ఏటి పద్మశ్రీ అందుకున్నరు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌ల డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు జొన్నలు, కొర్రలు, పప్పు గింజలు కాపాడుకుంటూ వస్తున్నరు. గింజ కాపాడటానికి చదువు అడ్డం కాదని వీళ్లు చూపించిన్రు. మనం దానికి ఒక రాత జోడిద్దాం.

రెండిండ్ల ఉంటేనే ఉన్నట్టు

షీట్ ఒక్క ఫోన్‌లనే ఉంటే, ఆ ఫోన్ పోయిననాడు పెద్దమ్మ డబ్బా కథే మళ్లీ. గూగుల్ షీట్‌ను ఇంట్ల ఇంకొకరికి పంచండి. ఏటా ఒకసారి జిరాక్సు షాపుల ప్రింటు తీసి డబ్బాల పెట్టండి. గల్లీల నాలుగైదు ఇండ్లవాళ్లు కలిసి ఒకరి షీట్ ఒకరికి "చూడటానికి మాత్రమే" అని పంచుకుంటే ఎవరి దగ్గర ఏ రకం ఉందో తెలుస్తది. ఒక్క ఇంట్లనే ఉన్న రకం ఏదో చూసి దాని గింజలు నాలుగు పక్కింట్ల పెట్టాలె. ఒక ఇంట్ల పురుగు పట్టినా ఇంకో ఇంట్ల ఉంటది.

అందరి డబ్బాలూ ఒక్క రోజుల అయిపోవు. ఈ ఆదివారం ఐదు పొట్లాలు చాలు. ఇంట్ల పెద్దామెను కూర్చోబెట్టి, మనుమరాలి చేతికి ఫోన్ ఇవ్వండి. అమ్మమ్మ చెప్తుంటే పిల్ల రాయాలె. ముందుగా ఊరి నుంచి వచ్చిన గింజతోనే మొదలుపెట్టండి. బజారు గింజ మళ్లీ కొనుక్కోవచ్చు, ఇది దొరకదు.