చెత్తగుట్టకు గాలి కావలెను

2017 సెప్టెంబరు 1వ తేదీన తూర్పు ఢిల్లీలోని గాజీపూర్ వద్ద చెత్తగుట్టలో ఒక భాగము కూలి ప్రక్కనున్న కాలువలో పడినది. ఆ తాకిడికి రోడ్డుపై పోవుచున్న వాహనములు కాలువలోనికి కొట్టుకొనిపోయినవి, ఇద్దరు మరణించిరి. 1984లో ఆరంభమైన ఈ గుట్ట 2002 నాటికే నిండినది. అయినను చెత్త పోయుట ఆగలేదు.

పైకి చెత్తగుట్ట కదలక పడియున్నట్లు కనిపించును. కాని దాని లోపల రసాయనిక చర్యలు నిరంతరము జరుగుచునే యుండును. మన నగరముల చెత్తలో దాదాపు సగము కూరగాయల తొక్కలు, ఎంగిలి అన్నము, ఆకులు వంటి తడిచెత్తయే. గాలి తగినంత ఉన్నచోట సూక్ష్మజీవులు దీనిని కుళ్ళించినపుడు బొగ్గుపులుసు వాయువు, నీటిఆవిరి, వేడి వెలువడును, మిగిలినది ఎరువగును. గాలి అందని లోతులలో వేరొక జాతి సూక్ష్మజీవులు పనిచేయును. అప్పుడు మీథేన్ వాయువు పుట్టును. ఇది గాలిలో 5 నుండి 15 శాతము వరకు కలిసియున్నపుడు నిప్పురవ్వ తగిలినచో ప్రేలును. చెత్తగుట్టలు రోజుల తరబడి కాలుటకు ఇదియొక కారణము. నూరేండ్ల కాలములో భూమిని వేడిచేయుటలో ఒక కిలో మీథేన్ సుమారు 28 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానము.

ఇక వాననీరు గుట్టలోనికి దిగి, కుళ్ళిన పదార్థములను కరగించుకొని నల్లని ఊటగా అడుగున చేరును. హైదరాబాదు సమీపమున జవహర్‌నగరు చెత్తగుట్ట ఊట మల్కారం చెరువును కలుషితము చేసినది.

ఈ రెండు బాధలకును ఒకే ఉపాయమును 1970 దశాబ్దిలో జపానులోని ఫుకువోకా విశ్వవిద్యాలయము, ఆ నగరపాలకులు కలిసి రూపొందించిరి. గుట్ట అడుగున చిల్లులుగల పెద్ద గొట్టములను పరచి, చుట్టును రాళ్ళు పేర్చుదురు. ఊట వీనిగుండా వెలుపలి తొట్టిలో చేరును. గొట్టము పూర్తిగా నిండకుండునంత వెడల్పుగా ఉండును. దాని చివర బయటిగాలికి తెరచియుండును. లోపల వేడెక్కిన వాయువులు తేలికయై నిలువు గొట్టములద్వారా పైకి పోవును. వాని స్థానమును నింపుటకు బయటిగాలి అడుగు గొట్టముగుండా లోనికి చొచ్చును. వంటయింటి పొగగొట్టములో జరుగునదియు ఇదే. పంకా అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. ఇట్టి గుట్టలో పుట్టు మీథేన్ సుమారు సగమునకు తగ్గునని లెక్క.

అయితే ఈ ఏర్పాటు చెత్త పోయుటకు ముందే జరుగవలెను. పాత గుట్టలను త్రవ్వి, జల్లించి, మన్ను, ప్లాస్టిక్, రాళ్ళను వేరుచేయుటయే మార్గము. అన్నిటికన్న సులభమైనది తడిచెత్తను ఇంటివద్దనే వేరుచేసి, గుట్టకు చేరనీయకుండుట.

దీనిని పాఠశాలలోనే పరీక్షించి చూడవచ్చును. ఎండుటాకులు, కూరగాయల తొక్కలు కలిపి మీటరు ఎత్తున కుప్పవేసి, కొద్దిగా తడిపి, మూడు నాలుగు రోజులకొకసారి తిరగవేయవలెను. కొన్ని దినముల తరువాత కుప్ప నడుమ ఉష్ణమాపకమునుంచినచో తరచు 50 డిగ్రీల సెంటీగ్రేడు దాటును. దుర్గంధము అంతగా ఉండదు. తిరగవేయుట మాని, నీరు అధికముగా పోసినచో కంపు మొదలగును. ఈ రెంటికిని గల భేదము గాలియే.