పాత కారుకు కొత్త లైట్లు

అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినా పాతవి ఇంకా అక్కడక్కడా తిరుగుతున్నాయి. అలాంటి కారును కొని బాడుగకు తిప్పే ఇళ్లు ఉన్నాయి. రాత్రిపూట పురిటి నొప్పులు వచ్చిన మనిషిని ఆ కారులో ఎక్కిస్తే దారి చూపేవి ముందున్న రెండు లైట్లే. అవి గుడ్డివైతే గుంతా కనపడదు, గేదే కనపడదు.

లైటు మసకగా ఉంటే వెంటనే కొత్తది కొనెయ్యకూడదు. ముందు వైర్లు చూపించాలి. బాడీకి బిగించే ఎర్త్ వైరు తుప్పు పట్టినా వెలుగు ఎర్రగా, నీరసంగా వస్తుంది. తుప్పు గీకి బిగిస్తే డబ్బు మిగులుతుంది. వైరు బాగుంటే అద్దం లోపల చూడాలి. అక్కడ అద్దంలా మెరిసే గిన్నె ఉంటుంది. దాన్ని రిఫ్లెక్టర్ అంటారు. బల్బు వెలుగును రోడ్డు మీదికి తోసేది అదే. దాని పూత లేచిపోతే ఎంత మంచి బల్బు పెట్టినా దండగే.

ఈ కారుది గుండ్రటి లైటు. అడ్డంగా కొలిస్తే సుమారు 7 అంగుళాలు. షాపుకు పాత లైటు పట్టుకుపోవడం మేలు. ఆడవాళ్లకు ఏం తెలుసులే అనుకునే షాపువాళ్లు కొందరుంటారు. అందుకే డబ్బా చేతికి తీసుకుని చదవాలి. హెచ్4 అనే రకం బల్బు మీద 12 వోల్టులు, 60/55 వాట్లు అని ఉంటుంది. 60 దూరపు లైటుకు, 55 డిమ్ లైటుకు.

"100 వాట్లది వేసుకోమ్మా, పగల్లా ఉంటుంది" అంటారు. వద్దు. 60 వాట్లకు వైరులో 5 ఆంపియర్ల కరెంటు పారుతుంది. 100 వాట్లకు 8 దాటుతుంది. పాత వైరు వేడెక్కుతుంది, హోల్డరు కరుగుతుంది. నిప్పు కూడా అంటుకోవచ్చు. పాత గిన్నెలో ఎల్ఇడి బల్బు పెట్టినా వెలుగు చెల్లాచెదురవుతుంది. ఎదురుగా వచ్చే బండివాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. మనం రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాం. అందుకని డిమ్ లైటు ఎడమ అంచుకు కాస్త ఎక్కువ వెలుగు వేస్తుంది. కుడి పక్కన నడిపే దేశాల కోసం చేసిన లైటు కొంటే ఆ వెలుగు ఎదుటివాళ్ల కళ్లల్లో పడుతుంది. ఎడమ పక్క నడిపే దేశానిదేనా అని అడిగి తీసుకోవాలి.

రిఫ్లెక్టర్లో మచ్చలు, బుడగలు ఉండకూడదు. వెనక రబ్బరు టోపీ గట్టిగా పట్టాలి. లేకపోతే వానకు నీళ్లు దూరతాయి. రెండు లైట్లూ ఒకేసారి మార్చడం మంచిది. బల్బు గాజును వేళ్లతో ముట్టకూడదు. వేడి లాంతరు చిమ్నీ మీద నీటి చుక్క పడితే చిట్లుతుంది కదా! వేలి జిడ్డు అంటితే ఈ బల్బు కూడా అలాగే పాడవుతుంది.

బిగించాక పరీక్ష ఇంటి దగ్గరే చెయ్యొచ్చు. చదునైన చోట, గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలపాలి. లైటు నడిమి ఎత్తు కొలిచి, గోడ మీద అంతే ఎత్తున సుద్దతో గీత గియ్యాలి. డిమ్ లైటు వెయ్యాలి. వెలుగు పై అంచు గీతకు సుమారు 3 అంగుళాలు కింద ఉండాలి. ఎడమ పక్కన కొంచెం పైకి లేస్తే పరవాలేదు. మిగతా చోట గీత దాటితే మెకానిక్ చేత మరలు తిప్పించాలి.