పెద్దకారు: కూర్చుండు సుఖము, కొనెడి వెల, లాగెడి బలము

ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో కాలము గడుపు మన యనంతపురపు మెట్టసీమలో నొక సంసారము కారు కొనుట సామాన్యమైన సంగతి గాదు. అది పండుగకు కొన్న చీరవలె కొని మఱచిపోదగినది కాదు. అయిదేండ్లో యేడేండ్లో నెలనెలకు వాయిదా చెల్లింపవలసిన ఋణము దాని వెంట నింట నడుగుపెట్టును. ఆ ఋణపత్రముపై పెక్కుచోట్ల మన చేవ్రాలును ఉండును. ఒక్కొక్కతఱి మన మెడలోని బంగారమును దానికి తోడగును. ఇంత యుండియు, ఏ కారు కొనవలెనను విచారణ వచ్చినపుడు ఆడువారిని రంగుమాత్ర మడిగి యూరకుండుట మన యిండ్లలో వాడుకయై యున్నది. ఈ వాడుక మాఱవలెనని మా కోరిక. అందులకై పెద్దకార్లను మూడు విధముల పోల్చి చూపుచున్నాము: కూర్చుండువారి సుఖము, ఇచ్చిన రూకకు వచ్చు ఫలము, వెనుక తగిలించిన బరువును లాగెడి శక్తి.

కార్ల సంగతి మన సీమకు క్రొత్తది గాదు. బుక్కరాయసముద్రమునకు దక్షిణముగా సుమారు 70 కిలోమీటర్ల దూరమున, పెనుకొండ దాపున, ఎఱ్ఱమంచికడ కొరియా దేశపు కియా సంస్థవారి కర్మాగారము కలదు. 2017లో ఒడంబడిక జరిగి 2019లో నచటి కార్లు విపణికి వచ్చినవి. ఏటికి 3 లక్షల కార్లు చేయగల శక్తి దానికి గలదు. 2022లో జిల్లాల విభజన జరిగిన పిదప పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినను, మన యూళ్ళ బిడ్డలు పలువురచట పని చేయుచునే యున్నారు. కావున కారును దూరపు వింతగా జూడక, ఇంటి వస్తువువలె పరీక్షించుట మనకు తగును.

రెండు తెగలు

జనులు ఎస్.యు.వి. యనియు, ఏడుగురి కారు అనియు పిలుచు వాహనములు నిర్మాణమునుబట్టి రెండు తెగలు. మొదటి తెగకు క్రింద నిచ్చెనవంటి యినుప చట్రముండును. చట్రముపై గది యమర్చబడును. మన యెద్దులబండికి నొగలపై తొట్టి యమర్చినట్లే యిదియు. 2000లో వచ్చిన బొలేరో, 2016లో వచ్చిన ఇన్నోవా క్రిస్టా, 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్, ఫార్చ్యూనర్ ఈ తెగవి. రెండవ తెగకు వేఱుగా చట్రము లేదు. గుడ్డునకు పెంకువలె గదియే దాని బలము. పెనుకొండకడ తయారగు కారెన్స్, 2022 తుదిని వచ్చిన ఇన్నోవా హైక్రాస్ ఈ తెగవి. ఈ భేద మొక్కటి మనసున నుంచుకొన్నచో తక్కిన గుణదోషములు చాలవఱకు తామే తెలియును.

కూర్చుండు సుఖము

కారును పరీక్షింప బోయినవారు ముందుసీటున కూర్చుండి నాలుగు వీధులు తిరిగి వత్తురు. కాని పిల్లలతోను, అత్తగారితోను, మూటలతోను మనము కూర్చుండుచోటు వెనుకటిది. మూడవ వరుసలో కూర్చుండి చూడక యేడుగురి కారు కొనుట, వంటయింట నడుగుపెట్టక యిల్లు కొన్నట్లగును.

చట్రముగల కార్లలో నేల యెత్తుగా నుండును. నేల లేచి, కప్పు దానితో సమముగా లేవనప్పుడు సీటు పల్లమగును. మోకాళ్ళు గడ్డమువైపు వచ్చును. తొడలకు ఆసరా తగ్గును. పావుగంట ప్రయాణమున నిది తెలియదు. అనంతపురమునుండి బెంగుళూరు ఆసుపత్రికి 200 కిలోమీటర్లకు పైగా పోవునపుడు నడుమే చెప్పును. ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్ రెండును ముందు వరుసలవారికి రాజవాహనములే. మూడవ వరుస మాత్రము పెద్దలకు గాక పిల్లలకు తగును. క్రిస్టాకు చట్రమున్నను, మనుష్యులను మోయుటకే యేర్పడినది గావున దాని వెనుక వరుస వీనికంటె మేలు. హైక్రాస్‌కు చట్రము లేనందున నేల తక్కువ యెత్తు. మూడవ వరుసలో పెద్దలును కాళ్ళు చాపుకొని కూర్చుండవచ్చును. కారెన్స్ వెలలో దానికంటె చాల తక్కువయ్యు, నెక్కుటకును దిగుటకును సులువైనది.

బొలేరో వెనుకభాగమున సీట్లు ప్రక్కకు తిరిగి యెదురెదురుగా నుండును. పొలమునకో సంతకో పోవుటకు సరియే. కాని దూరప్రయాణమున కడుపులో త్రిప్పును. తాకుడు సంభవించినపుడు ప్రక్కగా కూర్చున్న దేహమునకు ఆపు తక్కువ. దాని వెనుక చక్రములకు కమానుకట్ట లుండుటచే ఖాళీగా నున్నపుడు కుదుపెక్కువ, బరువు నిండిన పిదప కుదురు. తక్కిన చట్రపుకార్లకు వెనుక చుట్టలుచుట్టిన స్ప్రింగు లుండుటచే నంత కుదుపు లేదు.

ఎక్కుటయు నొక పరీక్షయే. చీర కట్టుకొని, చంక బిడ్డ నెత్తుకొని, ఒక చేత సంచి పట్టుకొని యెక్కి చూడవలెను. మోకాళ్ళ నొప్పులుగల ముదుసలిని వెంట గొనిపోయి యామెచే నెక్కించి చూడవలెను. ఇంకొకటి: ఏడుగురును కూర్చున్న పిదప మూటలకు చోటెంత మిగులును? స్కార్పియో-ఎన్‌లో మిగులునది స్వల్పము. ఫార్చ్యూనర్, క్రిస్టాలలో మూడవ వరుస సీట్లను మడిచినపుడవి రెండు ప్రక్కలకు లేచి నిలిచి కొంత చోటాక్రమించును.

బిడ్డలు గలవారు భద్రతా నక్షత్రములను గూడ నడుగవలెను. మన దేశమున భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్ష 2023 అక్టోబరులో మొదలైనది. పెద్దల నక్షత్రములు వేఱు, పిల్లల నక్షత్రములు వేఱు. 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వారి పరీక్షలో స్కార్పియో-ఎన్‌కు పెద్దల విషయమున 5, పిల్లల విషయమున 3 నక్షత్రములు వచ్చినవి. అంగడివారు మొదటి యంకెనే చెప్పుదురు. రెండవదానిని తల్లులు అడిగి తెలిసికొనవలెను.

కొనెడి వెల

2025 సెప్టెంబరు 22వ తేదినుండి కార్ల పన్ను మాఱినది. 4 మీటర్లకు మించని పొడవుండి, పెట్రోలు ఇంజను 1200 ఘనసెంటీమీటర్లకును, డీజిలు ఇంజను 1500 ఘనసెంటీమీటర్లకును లోబడినచో పన్ను నూటికి 18. అంతకు మించినవానికి నూటికి 40. బొలేరో పొడవు 3995 మిల్లీమీటర్లు. 4 మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు తక్కువగా దానిని మలచినది యీ లెక్కకే. స్కార్పియో-ఎన్ 4662, క్రిస్టా 4735, ఫార్చ్యూనర్ 4795 మిల్లీమీటర్లు గావున నివి హెచ్చుపన్నువి. ఈ మార్పు పిమ్మట ఫార్చ్యూనర్ వెల మొదటి రకమునకే 30 లక్షలు మించి, బొలేరో మొదటి రకపు వెలకు సుమారు నాలుగు రెట్లుగా నుండెను. నాలుగు రెట్ల రూకకు నాలుగు రెట్ల సుఖము వచ్చునా యని యెవరికివారు ప్రశ్నించుకొనవలెను.

వెలకంటె వాయిదా మోసకరము. లెక్క చూతము. 10 లక్షల ఋణము నూటికి 9 వడ్డీపై 5 ఏండ్లకు తీసినచో నెలకు సుమారు 20,758 రూపాయలు. మొత్తమున వడ్డీ 2 లక్షల 45 వేలు. అదే ఋణము 7 ఏండ్లకైనచో నెలకు సుమారు 16,089 రూపాయలు. వడ్డీ 3 లక్షల 51 వేలు. నెలకు నాలుగువేల పైచిలుకు తగ్గినదని సంతోషించినవారు తుదకు లక్షకు పైగా నధికముగా చెల్లింతురు. వేరుసెనగ పండని యేడును, బోరు ఎండిన యేడును ఆ వాయిదా మానదు. వాయిదా కట్టుటకు బంగారమును కుదువబెట్టవలసి వచ్చినచో నా కారు మనది గాదు, మనమే దానివారము.

నూనె ఖర్చును గూడ ముందే గణించుట మేలు. నెలకు 1000 కిలోమీటర్లు తిరుగు నింట, లీటరునకు 10 కిలోమీటర్లు పోవు బండికి 100 లీటర్లు వలయును; 15 పోవు బండికి 67 చాలును. భేదము 33 లీటర్లు. ఒక చిన్న సంసారపు నెలసరి పాలఖర్చు. దీనికితోడు పెద్ద కారునకు టైర్లు పెద్దవి, భీమా పెద్దది, జీవితకాలపు పన్నును పెద్దది. అయితే టయోటావారి బండ్లు తిరిగి యమ్మునపుడు మంచి వెల పలుకుట లోకవిదితము. అది క్రిస్టాకు, ఫార్చ్యూనర్‌కు కలిసివచ్చు గుణము.

ఏటికి మూడు నాలుగుసార్లు తిరుపతికో పెండ్లికో పోవుటకు మాత్రమే పెద్దకారు కావలసినవారు అద్దెకు దెచ్చుకొనుట యుత్తమము. మాది బడిపంతులుగారి జీతపు సంసారము. మేము చేయునది యిదియే. బాడుగకు వచ్చిన కారులో మూడవ వరుసలో కూర్చుండి పోయినచో, కొనక ముందే దాని గుణమును తెలిసివచ్చును.

లాగెడి బలము

కారు వెనుక బండిని తగిలించి లాగుట యను ముచ్చట మన యూళ్ళకు అమెరికానుండి వచ్చినది. అచట స్థిరపడిన మన తెలుగు బిడ్డలు పంపు చిత్రములలో నిండ్లవంటి కార్లను చూచుచున్నాము. అందు సబర్బన్ అను షెవ్రొలే కారు పేరు 1935నుండి వాడుకలో నున్నది. దాని పొడవు 5.7 మీటర్లు. అదియు, ఫోర్డ్ వారి ఎక్స్‌పెడిషన్‌ను తగిన సరంజామాతో 3 టన్నులకు మించిన బరువును లాగగలవు. అచటివారు వానికి పడవలను, చక్రములపై నడచు విడిది గదులను తగిలింతురు. మనకు లాగవలసినది పడవ గాదు, నీరు. వేసవిలో నీళ్ళ ట్యాంకరుకై యెదురుచూచు నింటివారికి, బలమైన కారు కొన్నచో నీటినిగూడ మనమే తెచ్చుకొనవచ్చునను నాస కలుగుట సహజము. కావున దీనిని నిదానించి చూడవలెను.

లాగుటకు మూలమైనది ఇంజను తిరుగుడు బలము. దానిని న్యూటన్-మీటర్లలో కొలుతురు. బొలేరోకు 210, డీజిలు కారెన్స్‌కు 250, క్రిస్టాకు 343, స్కార్పియో-ఎన్ డీజిలుకు రకమునుబట్టి 400 వఱకు, ఫార్చ్యూనర్ డీజిలుకు 500 వఱకు నుండును. భారతమున బాహుకుడై యున్న నలుడు ఋతుపర్ణుని రథమునకు బక్కచిక్కిన గుఱ్ఱముల నేర్చి తెచ్చినపుడు రాజు సందేహించెను. అవియే యొక్కనాటిలో విదర్భకు చేర్చినవి. కారు విషయమునను ఆకారము చూచి బలము నిర్ణయింపరాదు. చట్రముండి, వెనుక చక్రములకు బలము చేరు బండి లాగుటకు తగును. తగిలించిన బరువు కొక్కెముపై బడినపుడు వెనుక చక్రములు నేలను మఱింత పట్టుకొనును. ముందు చక్రములతో నడచు కారెన్స్, హైక్రాస్‌లకు అదే బరువు ముందుభాగమును తేలిక చేసి పట్టు తగ్గించును.

ఐనను, ఎంత లాగవచ్చునను హద్దును సంస్థవారే చెప్పవలెను. మన దేశపు ప్రకటనపత్రములలో నీ యంకె సాధారణముగా కానరాదు. ఆస్ట్రేలియాలో ఫార్చ్యూనర్‌కు, లాగబడు బండికి స్వంత బ్రేకులున్నచో 3100 కిలోలు, లేనిచో 750 కిలోలు హద్దుగా నేర్పరచిరి. ఇపుడు నీటి లెక్క: 1000 లీటర్ల నీరు సరిగా ఒక టన్ను. మన వీధులకు ట్రాక్టరు తెచ్చు ట్యాంకరున నాలుగైదు వేల లీటర్లు పట్టును. నీరే నాలుగైదు టన్నులు, తొట్టి బరువు వేఱు. ముప్పదిలక్షల కారును దానిని లాగరాదు. బ్రేకు లేని చిన్న తొట్టిబండి తగిలించి, దాని బరువు 200 కిలోలనుకొన్నను, 550 లీటర్లకు మించి తేరాదు. మన వాకిట నుంచు 200 లీటర్ల పీపాలు మూడైనను నిండవు.

పైగా లాగుటకంటె ఆపుట కష్టము. కనుమదారి దిగునపుడు వెనుకనున్న బరువు కారును త్రోయును. సగము నిండిన తొట్టిలో నీ రటునిటు కొట్టుకొని బండినే యూపును. ఎద్దులబండి తోలువా రెఱిగిన నీతి యిచటను వర్తించును: బరువంతయు వెనుకకు పడినచో కాడి పైకి లేచును, మితిమీఱి ముందుకు పడినచో ఎద్దుల మెడ నొచ్చును. లాగబడు బండి బరువులో నూటికి 10 మొదలు 15 వఱకు కొక్కెముపై నుండుట మేలని నిపుణులు చెప్పుదురు. మఱియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి వెనుక తగిలించు బండియు నొక వాహనమే; దానికిని నమోదు వలయును. ట్రాక్టరు చేయవలసిన పని ట్రాక్టరే చేయనిండు. లాగెడి బలమునకై కారుపై లక్షలు హెచ్చించుట మన సీమలో వృథావ్యయము.

మా నిర్ణయము

పెద్దలు, పిల్లలు కలిసి తఱచుగా దూరము పోవు నింటికి, శక్తి యున్నచో, క్రిస్టా గాని హైక్రాస్ గాని తగును. అంత వెల పెట్టలేని వారికి కారెన్స్ చాలును. మంచి దారులపై దాని సుఖమునకు లోటు లేదు. మిట్టపల్లముల దారులలో తిరుగుచు, వెనుక వరుసలో పిల్లలే కూర్చుండు నింటికి స్కార్పియో-ఎన్ వెలకు తగిన ఫలమిచ్చును. పొలము, సంత, ఎరువుల బస్తాలు ముఖ్యమైనచోట బొలేరో నేటికిని నమ్మదగినది. ఫార్చ్యూనర్ బలమునకు మిన్న. కాని యా బలము నుపయోగించు పని మన యింట లేనపుడు దానికి చెల్లించునది గౌరవపు వెలయే.

సోదరీమణులారా! మీ యింట కారు మాట వచ్చినపుడు రంగు చెప్పి యూరకుండకుడు. మూడవ వరుసలో గంటసేపు కూర్చుండి చూడుడు. వాయిదాను కాగితముపై వేసి, వాన లేని యేటి రాబడితో సరిపోల్చుడు. పిల్లల నక్షత్రము లెన్నియో యడుగుడు. ఈ మూడును తెలిసిన పిమ్మటనే ఋణపత్రముపై చేవ్రాలు చేయుడని మా మనవి.