వార్తల్లో పదం: మాడ్‌స్లీ పద్ధతి

తిండికి సంబంధించిన మానసిక రుగ్మతలపై వచ్చే వార్తల్లో కనిపించే పదమిది. తిండి తినడం బాగా తగ్గించేసే అనోరెక్సియా రుగ్మతతో చిక్కిపోతున్న పిల్లలను ఇంట్లోనే, అమ్మానాన్నల ద్వారా తిరిగి తినేలా చేసి కోలుకునేట్టు చూసే చికిత్స. 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకుంది కాబట్టి ఆ పేరు. కుటుంబ ఆధారిత చికిత్స అనీ అంటారు.

ఇది సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకూ సాగుతుంది. మొదటి దశే కష్టం. ఏం తినాలో, ఎంత తినాలో తల్లిదండ్రులే నిర్ణయిస్తారు. పిల్ల ఏడ్చినా, కంచం తోసేసినా పక్కనే కూర్చుంటారు. జబ్బు వేరు, బిడ్డ వేరు అని చికిత్స చేసేవారు వాళ్లకు పదేపదే గుర్తుచేస్తారు. తప్పెవరిదని వెతకరు. ఇందులోని అసలైన ఊరట అదేననిపిస్తుంది. మా పెంపకంలోనే లోపముందేమోనని కుమిలిపోయే తల్లికి ఆ భారం దించి, చేయవలసిన పని చూపిస్తారు. శరీరం తేరుకున్నాక తిండి బాధ్యత మెల్లగా పిల్లల చేతికే వస్తుంది. చివర్లో చదువు, స్నేహాలు, వయసుకు తగ్గ స్వేచ్ఛ.

ఇది ముఖ్యంగా కౌమార వయసు వారికి. అందరికీ ఫలితం ఇవ్వదు. బాగా నీరసించినవారికి ముందు ఆసుపత్రిలో వైద్యం కావాలి. చాలాకాలం తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణాపాయం కలగవచ్చు. కాబట్టి వైద్యుల పర్యవేక్షణ తప్పనిసరి.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచనివారు కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.