ఒక వాక్యం, అయిదు ప్రశ్నలు

తెలుగు వికీపీడియా మొదటి పేజీలో ‘ఈ వారం వ్యాసం’ అనే శీర్షిక ఉంటుంది. అందులో కనిపించిన వ్యాసాన్ని అంతకు ముందు ఆ విషయం మీద ఆసక్తి లేనివాళ్లు కూడా చదువుతారు. విద్యార్థి తన ప్రాజెక్టులోకి, విలేకరి తన కథనంలోకి ఎత్తి రాసుకుంటారు. తప్పుంటే అదీ వాటితో పాటే వెళ్తుంది. కాబట్టి ప్రదర్శనకు పెట్టేముందే వ్యాసాన్ని సరిచూడాలి. పాటల రచయిత మీద వ్యాసమైతే ఇంకా జాగ్రత్త కావాలి. పాట జనం నోట నానుతుంది, దాని చుట్టూ కథలూ పుడతాయి.

నర్సీపట్నం వాళ్లకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసిన అల్లూరి సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలోనే ఉంది. ఆయన కథతో 1974 మే 1న నటుడు కృష్ణ నూరో సినిమా ‘అల్లూరి సీతారామరాజు’ విడుదలైంది. అందులో ‘తెలుగు వీర లేవరా’ పాట శ్రీశ్రీది. శ్రీశ్రీ మీద రాసిన ఒక వ్యాసంలో ఇలాంటి వాక్యం ఉందనుకుందాం: ‘కృష్ణ దర్శకత్వం వహించిన అల్లూరి సీతారామరాజు సినిమాకు పాటలు రాసి, 1975కు గాను జాతీయ అవార్డు పొందిన తొలి తెలుగు కవి శ్రీశ్రీ, ఈ సినిమాను అల్లూరి సీతారామరాజు జిల్లాలోని చింతపల్లి ప్రాంతంలో తీశారు.’

చదవడానికి బాగానే ఉంది. కానీ ఈ ఒక్క వాక్యంలో అయిదు విషయాలున్నాయి. సరిచూసేవారు చేయవలసిన మొదటి పని వాటిని విడదీసి, ఒక్కొక్కదాన్నీ విడిగా ప్రశ్నించడం.

దర్శకుడు ఎవరు? వి. రామచంద్రరావు. నిర్మాణం పూర్తికాకముందే ఆయన కన్నుమూశారు. మిగిలిన భాగాన్ని కె.ఎస్.ఆర్. దాస్, కృష్ణ పూర్తి చేశారు. కృష్ణ పేరు ఒక్కటే రాస్తే రామచంద్రరావుకు అన్యాయం, కృష్ణ పాత్ర అసలే లేదంటే అదీ తప్పు. ఎవరు ఏ మేరకు చేశారో అంతే రాయాలి.

పాటలన్నీ శ్రీశ్రీవేనా? కావు. ‘వస్తాడు నా రాజు’ సి. నారాయణరెడ్డి రాసినది. ఇక్కడ పనికొచ్చే ఆధారాలు సినిమా టైటిళ్లు, ఆనాటి పాటల పుస్తకం, గ్రామఫోను రికార్డు మీది పేర్లు. ఒక్కదానితో ఊరుకోకుండా రెండింటిని పోల్చి చూడాలి. ఒకరి పాట మరొకరి ఖాతాలో పడటం సినిమా పాటల విషయంలో తరచూ జరిగేదే.

అవార్డు ఏ ఏడాదికి? శ్రీశ్రీకి ఇచ్చిన అవార్డు 22వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లోది; అవి 1974 సినిమాలకు ఇచ్చినవి. ప్రదానం జరిగింది 1975లో. ‘1974కు గాను’ అన్నా, ‘1975లో అందుకున్నారు’ అన్నా నిజమే. ‘1975కు గాను’ అంటే మాత్రం తప్పు.

తొలి కవి ఆయనేనా? ‘తొలి’, ‘ఏకైక’ లాంటి మాటలు కనిపించినప్పుడు జాబితాను మొదటి నుంచీ చదవడం తప్ప మార్గం లేదు. ఉత్తమ గీత రచనకు జాతీయ అవార్డు 1968 సినిమాలతో మొదలైంది, మొదట అందుకున్నది తమిళ కవి కణ్ణదాసన్. తెలుగులో మొదట శ్రీశ్రీ; తరవాత అందుకున్నవారిలో ‘మాతృదేవోభవ’కు వేటూరి, ‘ఠాగూర్’కు సుద్దాల అశోక్‌తేజ ఉన్నారు. ఈ మాట నిలబడుతుంది. ‘తొలి తెలుగు కవి’ అన్నది ఈ అవార్డు వరకే అని కూడా స్పష్టంగా రాయాలి.

ఊరు ఏ జిల్లాలోది? 1974లో చింతపల్లి, నర్సీపట్నం రెండూ విశాఖపట్నం జిల్లాలోవే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. ‘అప్పటి విశాఖపట్నం జిల్లా’ అని రాస్తే సరిపోతుంది.

ఆధారం ఉందన్న మాత్రాన సరిపోదు, అది ఎక్కణ్నుంచి వచ్చిందో కూడా చూడాలి. వర్ధంతి నాడు మూడు పత్రికల్లో ఒకే మాట వస్తే మూడు ఆధారాలు దొరికాయని సంబరపడతాం. ముగ్గురూ వికీపీడియా నుంచే తీసుకుని ఉండవచ్చు! ఆ పత్రికలనే మళ్లీ వ్యాసం కింద ఆధారంగా పెడితే తప్పు తనకు తానే సాక్ష్యం చెప్పుకుంటుంది. దీన్ని పట్టుకునే దారి ఉంది. వ్యాసం ‘చరిత్ర’ తెరిస్తే ఆ వాక్యం ఏ రోజు చేరిందో తెలుస్తుంది. పత్రిక కథనం అంతకన్నా తరవాతిదైతే అది వికీపీడియా నుంచే వచ్చిందేమోనని అనుమానించాలి.

స్థానికుల జ్ఞాపకం సంగతేమిటి? షూటింగు కళ్లారా చూశానని ఒక పెద్దాయన చెబితే అది విలువైన సమాచారమే. కానీ చదివేవారు స్వయంగా వెళ్లి సరిచూసుకోగల ఆధారం ఉండాలన్నది వికీపీడియా నియమం. ఆయన మాటను పట్టుకుని ఆనాటి పత్రికలు వెతకాలి; ఆయన జ్ఞాపకాలను అచ్చులోకి తేవాలి. అప్పుడు అవి వ్యాసానికీ పనికొస్తాయి.

ఇంకొక జాగ్రత్త. అభిమానంతో పాట మొత్తాన్ని వ్యాసంలో పెట్టకూడదు. మన దేశంలో రచయిత మరణించాక అరవై ఏళ్ల వరకు కాపీహక్కు ఉంటుంది. శ్రీశ్రీ 1983 జూన్ 15న కన్నుమూశారు కాబట్టి ఆ గడువు 2043 చివరిదాకా ఉంది.

ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. శ్రీశ్రీకి మనం కల్పించిన గొప్పలు అక్కర్లేదు. ఒక్క అబద్ధపు పొగడ్త బయటపడితే పాఠకుడు పక్కనున్న నిజాలను కూడా అనుమానిస్తాడు. ఈ పనికి పెద్ద చదువులు అవసరం లేదు. నర్సీపట్నంలో ఫోను చేతిలో ఉన్న ఎవరైనా వ్యాసం తెరిచి, ఆధారం లేని ఒక్క వాక్యాన్ని ఎంచుకుని, ‘దీనికి మూలం ఏది?’ అని చర్చ పేజీలో అడగవచ్చు. తెలుగు కవుల గురించి రేపటి పిల్లలు చదివేది నిజం కావాలంటే, ఆ ప్రశ్న ఈరోజు మనమే అడగాలి.