ఆల్గాల్ సభ్యుల ఎన్నిక

కంప్యూటరు అను గణనయంత్రము మానవుని పలుకు నెఱుగదు. దానికి ఆజ్ఞ లిచ్చుటకు ప్రత్యేక భాషలు కల్పింపబడినవి. తొలుత ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క భాష యుండుటచే, ఒకచోట వ్రాసినది వేఱొకచోట పనికిరాకుండెను.

ఈ చిక్కు తీర్చుటకై 1958లో స్విట్జర్లాండు దేశమందలి జ్యూరిచ్ నగరమున ఒక సభ జరిగెను. అమెరికా నుండి నలుగురు, ఐరోపా నుండి నలుగురు పండితులు కూడిరి. ఇరుపక్షములును సమానమగుటచే, ఒకరి మాట నొకరు త్రోసివేయ వీలులేకపోయెను. దశాంశమునకు చుక్క పెట్టవలెనా, కామా పెట్టవలెనా యని గొప్ప వాదము చెలరేగెను. తుదకు మూలభాష ఒక్కటిగనే నిలుచుననియు, అచ్చునందును యంత్రమునందును గుర్తులు ఆయా చోట్ల వాడుక ననుసరించి మారవచ్చుననియు తీర్మానించిరి.

1960 జనవరిలో పారిస్ నగరమున మఱల సభ కూడెను. ఐరోపా పక్షమున ఏడుగురు, అమెరికా పక్షమున ఏడుగురు ఎన్నుకొనబడిరి. కాని అమెరికా ప్రతినిధి విలియం టురాన్స్కీ సభకు కొంచెము ముందే మోటారు ప్రమాదమున మరణించెను. ఆ స్థానము శూన్యముగనే యుండెను. మిగిలిన పదుముగ్గురును 'ఆల్గాల్ 60' భాషను నిర్ణయించి, తమ నివేదికను ఆయన స్మృతికి అంకితము చేసిరి.

పలువురు వాడవలసిన భాషను పలువురి ప్రతినిధులే తీర్చవలెను. అట్టి సభకు సభ్యుల నెన్నుకొనునపుడు పాండిత్యము మాత్రమే చాలదు. ఎదుటివారి వాడుకను మన్నించు గుణమును చూడవలెను.