స్వల్ప వ్యయముతో సమతుల్యాహారము

ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియు చోట కాళేశ్వర క్షేత్రమున్నది. ఒకే పానవట్టముపై వెలసిన రెండు లింగములను దర్శించుటకు ఏడాది పొడుగునా యాత్రికులు వచ్చుచుందురు. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములు జరిగినది ఇక్కడనే. నది ఆవలి గట్టున మహారాష్ట్రములోని సిరొంచ, ఈవలి గట్టున జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలములోని పల్లెలు. వరి, ప్రత్తి, మిరప చేలలో కూలికి పోయి బ్రతుకు కుటుంబములు ఈ పల్లెలలో అనేకము.

అటువంటి ఇంటి ఇల్లాలి ప్రశ్న నొకదానిని తీసికొందము. రేషను బియ్యము ఇంటికి వచ్చినవి. కొంగు ముడిలో కొద్ది రూపాయలున్నవి. ఆ బియ్యముతో పాటు ఏమి కొన్నచో పిల్లలు బలముగా పెరుగుదురు? ప్రశ్న చిన్నదే. కాని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారము తెలంగాణలో అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 33 మంది వయస్సుకు తగిన ఎత్తు ఎదుగలేదు. 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి దాదాపు 58 మందికి రక్తహీనత కలదు. కాబట్టి ఆ ఇల్లాలి ప్రశ్నకు సరియైన సమాధానము వెదకుట మన కర్తవ్యము.

బియ్యము ఎంతవరకు చాలును?

1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పథకమును ప్రారంభించినది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టము వచ్చినది. 2025 ఉగాదినాడు తెలంగాణలో ప్రారంభమైన పథకము ప్రకారము, కార్డులోని ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా లభించును.

ఒక కుటుంబమును ఊహించుకొందము: కూలిపని చేయు భర్త, భార్య, ఎనిమిదేండ్ల కూతురు, అయిదేండ్ల కొడుకు. వీరికి నెలకు 24 కిలోలు, అనగా రోజుకు 800 గ్రాముల బియ్యము. నూరు గ్రాముల బియ్యము సుమారు 356 కేలరీల శక్తినిచ్చును. కాబట్టి రోజుకు లభించునది దాదాపు 2,850 కేలరీలు.

మరి కావలసినదెంత? భారతీయ వైద్య పరిశోధనా మండలి 2020లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఒక మోస్తరు శ్రమ చేయు పురుషునికి 2,710, స్త్రీకి 2,130, ఏడు నుండి తొమ్మిదేండ్ల బిడ్డకు 1,700, నాలుగు నుండి ఆరేండ్ల బిడ్డకు 1,360 కేలరీలు. మొత్తము 7,900. రేషను బియ్యము ఇందులో మూడవ వంతు కంటె కొంచెము ఎక్కువ మాత్రమే తీర్చుచున్నది. మరి 800 గ్రాముల ధాన్యము, సగము బియ్యము సగము జొన్నలో మక్కలో, కొనుక్కొన్నచో దాదాపు 5,600 కేలరీలగును. అప్పుడు కడుపు చాలవరకు నిండును.

కాని కడుపు నిండుట వేరు, శరీరము పోషింపబడుట వేరు. ఈ భేదమును తెలిసికొనుటకే శాస్త్రజ్ఞులకు చాలకాలము పట్టినది.

ఎలుకలు నేర్పిన పాఠము

1918లో నీలగిరులలోని కూనూరులో రాబర్ట్ మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి ఒక చిన్న గదిలో పరిశోధన ప్రారంభించెను. ఆ పరిశోధనాలయమే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది.

మెక్కారిసన్ 1920ల దశకములో ఒక చక్కని ప్రయోగము చేసెను. మన దేశములోని వేరువేరు ప్రాంతముల వారు తిను ఆహారములను వేరువేరు ఎలుకల గుంపులకు పెట్టెను. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, పచ్చికూరలు తిన్న గుంపు బలముగా పెరిగినది. పొట్టు తీసిన బియ్యపు అన్నము ప్రధానముగా తిన్న గుంపు అన్నింటి కంటె వెనుకబడినది. తప్పు అన్నముది కాదు. అన్నముతో పాటు ఉండవలసిన పాలు, పప్పు, కూరలు తక్కువగుటయే లోపము.

ఏ ధాన్యమైనను ఒంటరిగా చాలదు. జొన్నలే ముఖ్యాహారముగా గల దక్కను పేదలలో చర్మము నల్లబడి పగులు పెల్లాగ్రా వ్యాధి కనిపించెడిది. అందుకు జొన్నలలో లూసిన్ అను ఆమినో ఆమ్లము అధికముగా ఉండుట ఒక కారణము కావచ్చునని హైదరాబాదు సంస్థకు చెందిన డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా 1960లో సూచించిరి. మన పెద్దలు గట్కను ఒట్టిగా తినక పప్పుతోనో, చల్లతోనో తినుట మంచి అలవాటే.

అన్నము, పప్పుల పొందు

మాంసకృత్తులు దాదాపు ఇరువది రకముల ఆమినో ఆమ్లములతో కట్టిన గోడ వంటివి. వీనిలో తొమ్మిదింటిని శరీరము స్వయముగా తయారు చేసికొనలేదు; ఆహారము ద్వారానే రావలెను. గోడ కట్టునప్పుడు ఒక రకపు ఇటుక తక్కువైనచో తక్కిన ఇటుకలెన్ని ఉన్నను గోడ అక్కడనే ఆగిపోవును. బియ్యములో, జొన్నలో, మక్కలో తక్కువగా ఉండు ఇటుక లైసిన్. పప్పులలో అది సమృద్ధిగా ఉన్నది. పప్పులలో తక్కువగా ఉండు మెథియొనిన్ ధాన్యములలో తగినంత ఉన్నది. రెండును ఒకే విస్తరిలో చేరినప్పుడు ఒకదాని కొరతను మరొకటి తీర్చును.

మన కుటుంబమునకు రోజుకు సుమారు 139 గ్రాముల మాంసకృత్తులు కావలెను. పైన చెప్పిన 1,600 గ్రాముల ధాన్యములో తూకమునకు దాదాపు అంత ఉన్నది. కాని లైసిన్ కొరత వలన అది అంతయు పెరిగెడు పిల్లలకు పూర్తిగా పనికిరాదు. కాబట్టి బియ్యము తరువాత మొదటి రూపాయి పప్పుదినుసులకు పోవలెను.

ఏ పప్పు చవుక?

కిలో ధరను చూచి చవుక అనుకొనుట పొరపాటు. ఆ ధరకు ఎంత పోషణ వచ్చుచున్నదో చూడవలెను. ధరలు వారమునకొక తీరుగా మారును గనుక, పద్ధతిని నేర్చుకొనుట మేలు. లెక్క కొరకు ఈ క్రింది ధరలను అనుకొందము: కందిపప్పు కిలో 140 రూపాయలు, పెసరపప్పు 120, ఉలవలు 80, పల్లీలు 150, గ్రుడ్డు ఒకటి 7, పాలు లీటరు 60.

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల కందిపప్పులోను, ఉలవలలోను సుమారు 22 గ్రాములు, పెసరపప్పులోను, పల్లీలలోను సుమారు 24 గ్రాముల మాంసకృత్తులున్నవి. ఒక గ్రుడ్డులో ఆరు గ్రాములకు పైగా, నూరు మిల్లీలీటర్ల పాలలో మూడు గ్రాములకు పైగా ఉన్నవి. అప్పుడు 10 గ్రాముల మాంసకృత్తులకు పడు వెల: ఉలవలలో సుమారు మూడు రూపాయల డెబ్బది పైసలు, పెసరపప్పులో అయిదు రూపాయలు, పల్లీలలోను, కందిపప్పులోను ఆరున్నర, గ్రుడ్డులో పదకొండు, పాలలో పదునెనిమిది.

చవుకలో మొదటి స్థానము ఉలవలది. ఎడ్లకు ఉడుకబెట్టి పెట్టుదురని మనము వానిని చిన్నచూపు చూచుచున్నాము. నీళ్ళతో చారు కాచుకొని గింజలను పశువులకు వేయుట ఆచారము. కాని మాంసకృత్తులలో ఎక్కువ భాగము గింజలోనే నిలుచును. చారు త్రాగుడు, గుడాలు కూడ తినుడు.

నెలకు రెండు కిలోల కందిపప్పు, ఒక కిలో పెసరపప్పు, రెండు కిలోల ఉలవలు, ఒక కిలో పల్లీలు కొన్నచో, అనుకొన్న ధరలలో 710 రూపాయలగును. అవి రోజుకు 45 గ్రాముల మేలైన మాంసకృత్తులను, 720 కేలరీలను ఇచ్చును. మిగిలిన శక్తిలో కొంత భాగమునకు నెలకు రెండు కిలోల నూనె చేర్చవలెను. ఆకుకూరలలోని విటమిన్ ఏ ఒంటబట్టుటకును కొంచెము నూనె అవసరము. గ్రుడ్లకు, పాలకు ఇంకను రూపాయలు మిగిలినచో ముందుగా చిన్నబిడ్డకు ఇయ్యవలెను. పప్పులలో లేని బి12 విటమిన్ వానిలో ఉన్నది. గోదావరి చిన్నచేపలను ముండ్లతో సహా తిన్నచో కాల్షియము కూడ లభించును.

ఇనుము కథ

అన్నిటికంటె కష్టమైనది ఇనుము లెక్క. మన కుటుంబమునకు రోజుకు సుమారు 74 మిల్లీగ్రాములు కావలెను. ఇందులో భర్తకు 19, భార్యకు 29. రేషను బియ్యములో సహజముగా ఉన్నది 5 మిల్లీగ్రాములు మాత్రమే. కొనుక్కొన్న 800 గ్రాములలో సగము జొన్నలైనచో ఆ జొన్నలు 16, బియ్యము రెండున్నర ఇచ్చును. పప్పుదినుసులు 11 ఇచ్చును. అందులో సగమునకు పైగా ఉలవలదే. పెరటి మునగాకు, తోటకూర కలిపి 200 గ్రాములు వండినచో మరి 9. మొత్తము 44కు మించుట లేదు.

అందులోను మొక్కల నుండి వచ్చు ఇనుము శరీరమునకు కొద్దిగానే అబ్బును. గింజలలోని ఫైటిక్ ఆమ్లము దానిని పట్టి ఉంచును. పెసలను, ఉలవలను నానబెట్టి మొలకెత్తించినచో ఆ పట్టు సడలును. భోజనముతో నిమ్మరసము, జామపండు, ఉసిరికాయ తిన్నచో వానిలోని సి విటమిన్ ఇనుమును ఒంటబట్టించును. భోజనము కాగానే టీ త్రాగుట ఇందుకు విరుద్ధమైన పని. ఒక గంట ఆగవలెను.

ఇన్ని చేసినను కొరత పూర్తిగా తీరదు. ఇది ఇల్లాలి తెలివితక్కువ కాదు. పేద ఆహారపు హద్దు. అందువలననే ప్రభుత్వ వైద్యశాలలలో, పాఠశాలలలో ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లము మాత్రలను పారవేయరాదు. రేషను బియ్యములో అక్కడక్కడ కొంచెము వేరు రంగు గింజలు కనిపించినచో, అవి నీటిలో తేలినచో, ప్లాస్టిక్ బియ్యమని కొందరు ఏరి పారవేయుదురు. అవి బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 కలిపి గింజలుగా ఒత్తినవి. నూటికొకటి చొప్పున కలుపుదురు. అట్టి బియ్యము కిలోకు 28 నుండి 42 మిల్లీగ్రాముల ఇనుము చేర్చును. సికిల్ సెల్, తలసీమియా వ్యాధులున్నవారు మాత్రము వైద్యుని సలహా తీసికొనవలెను.

పొయ్యి దగ్గర జరుగు నష్టము

కొన్న పోషణలో కొంత భాగము వంటయింటిలోనే పోవుచున్నది. బి విటమినులు నీటిలో కరుగును. బియ్యమును నాలుగైదు సార్లు రుద్ది కడిగినచో కడుగునీళ్ళతో థయమిన్ పోవును. గంజి వార్చి పారబోసినచో మిగిలినదియు పోవును. రెండు మార్లు కడుగుట చాలును; ఎసరు సరిగా పోసి ఇగిర్చి వండవలెను. వార్చక తప్పనిచో ఆ గంజిని చారులో కలుపవలెను. ఆకుకూరను తరుగుటకు ముందే కడిగి, మూత పెట్టి ఉడికించవలెను. వానకాలములో చేలగట్లపై మొలచు చెంచలికూర, గంగవాయిలికూర, పెరటిలోని పుంటికూర పైసా ఖర్చు లేనివి. మందు చల్లిన చేలలో మాత్రము కోయరాదు.

ఎవరికి ఎంత?

ఇంటిలో అందరికంటె చివర తినునది ఇల్లాలు. అప్పటికి గిన్నెలో అన్నము మిగులును గాని పప్పు అడుగంటును. కాని ఇనుము అవసరము అందరికంటె ఎక్కువ ఉన్నది ఆమెకే. గర్భవతియైనచో తల్లి కొరత బిడ్డకును కొరతయగును. కాబట్టి వడ్డనకు ముందే ఆమె పాలు పప్పును, కూరను ప్రక్కకు తీసి ఉంచవలెను. దీనికి ఒక్క పైసా ఖర్చు కాదు.

హక్కుగా వచ్చునది కూడ వదలరాదు. పాఠశాల మధ్యాహ్న భోజనము ప్రాథమిక తరగతుల బిడ్డకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఇయ్యవలెనని నియమమున్నది. అంగన్‌వాడీలో ఏడు నెలల నుండి మూడేండ్ల వరకు బాలామృతము ఇత్తురు. 2015లో ప్రారంభమైన ఆరోగ్యలక్ష్మి పథకము ప్రకారము గర్భవతులకు, బాలింతలకు అక్కడ ఒక పూట నిండు భోజనము, గ్రుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు లభించును.

ఉపాధ్యాయులకు ఒక సూచన. తరగతిలో పిల్లలచేత వారి ఊరి అంగడి ధరలను వ్రాయించి, పది గ్రాముల మాంసకృత్తుల వెలను కట్టించుడు. పప్పుదినుసులతో పాటు బిస్కట్టు పొట్లమును కూడ ఆ పట్టికలో చేర్చుడు. దాని మీద అచ్చువేసిన అంకెలే లెక్కకు చాలును. ఆ లెక్కను పిల్లలు ఇంటికి తీసికొనిపోయి తల్లితో చెప్పినచో, వచ్చే అంగడినాడు ఆమె కొంగు ముడి విప్పునప్పుడు ఆ లెక్క ఆమెకు అక్కరకు వచ్చును.